కప్ప పలికిన నీళ్లు

ఆ ఏడు తొలకరికి గుట్ట మీద నెమళ్లు అరిచాయి. కాలువ కట్ట మీద కొంగలు దిగాయి. ఉసిళ్లు రెక్కలు రాల్చుకుని బడి అరుగంతా పాకాయి. తండా కింది బావి ఒక్కటే ఏమీ మాట్లాడలేదు. మాట్లాడలేదని ఎవరూ గమనించనూ లేదు. ఉన్న చప్పుడు చెవిన పడుతుంది గానీ, లేని చప్పుడు ఎవరి చెవిన పడుతుంది?

మునగాల దగ్గర పెద్ద రోడ్డు వదిలి కాలువ కట్ట పట్టుకుని పోతే బీక్యా తండా. దేవ్‌సింగ్ అక్కడే పుట్టాడు, అక్కడి బడికే పంతులయ్యాడు. నడుమ కొన్నేళ్లు సూర్యాపేట హాస్టల్లో చదివాడు. ఒకనాడు క్లాసులో సారు వాన రావడానికి గుర్తులేమిటని అడిగితే, చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతాయన్నాడు దేవ్‌సింగ్. క్లాసంతా నవ్వింది. "అది పుస్తకంలో ఉందారా?" అన్నాడు సారు. లేదు. ఆ సెలవులకు ఇంటికొచ్చి, చీమలకు వాన సంగతి ఎట్లా తెలుస్తుందని తనను పెంచిన సాలిని అడిగాడు. "పెద్దోళ్లు చెప్పిన్రు," అంది సాలి. పుస్తకంలో లేదు, పెద్దోళ్లు చెప్పారు. ఈ రెండు మాటల మధ్య ఆ పిల్లవాడు చాలా ఏళ్లు నిలబడిపోయాడు.

సాలి అతని తల్లికి అక్క. తల్లి పురిట్లో పోతే, మేకపాలు పట్టి పెంచింది. లంబాడీల మాటలో యాడి అంటే అమ్మ, అతనికి ఈమె పెద్ద యాడి. ఉత్త యాడి అనే పిలిచేవాడు.

ఎనభైల నడుమ ఉద్యోగం వచ్చి తండా బడికి చేరినప్పుడు, పాఠంలో మంచు కొండలు, తిమింగలాలు ఉన్నాయి. పిల్లలు కిటికీలోంచి మేకలను చూస్తున్నారు. దేవ్‌సింగ్ పుస్తకం మూసి రెండు మట్టి కుండలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఒకటి విన్నవాటికి, ఒకటి చూసినవాటికి.

తండా పెద్దలు చెప్పే మాట ఏదైనా సరే, పిల్లలు ఒక గులకరాయి మీద సున్నంతో దాని బొమ్మ గీసి విన్న కుండలో వేయాలి. తర్వాత ఆ మాట నిజమో కాదో చూడాలి. ఎన్నోసార్లు, వేర్వేరు పిల్లలు, వేర్వేరు చోట్ల. నిజమైతే రాయి చూసిన కుండలోకి మారుతుంది. కాకపోతే గోడ అవతలికి.

"ఎవరు చెప్పిన్రు?" అని అరిచేవాడు దేవ్‌సింగ్.

"పెద్దోళ్లు!"

"ఎవరు సూసిన్రు?"

"మేం సూస్తం!"

చీమ రాయి చూసిన కుండలోకి పోయింది. పుట్ట ఉన్న చోట తవ్వితే నీళ్లుంటాయన్న మాట, సగంసార్లే నిజమై, ఇంకా విన్న కుండలోనే ఉంది. తీతువు అరిస్తే చావొస్తుందన్న రాయి మాత్రం గోడ దాటింది. తీతువులు రోజూ అరుస్తున్నాయి, తండాలో అందరూ బతికే ఉన్నారు. ఆ రాయి విసిరిన నాడు పిల్లలకు ఎంత ధైర్యం వచ్చిందంటే, పొద్దుగూకేదాకా తీతువుల్లా అరుస్తూ తిరిగారు. తండా పెద్ద, నాయక్ గోప్యా ఇంటి ముందు నిలబడి మరీ అరిచారు. నాయక్ తిట్టాడు, ఆ తర్వాత తనూ నవ్వాడు.

ఒక ఎండాకాలం చివర సాలినే బడికి పిలిచాడు దేవ్‌సింగ్. ఆమె వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మొగుడు పోయిన నాడు తీసేసిన గాజుల చోట, పైచేతుల మీద చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

"తీజ్‌కు మొదటి బిందె ముంచేముందు బాయి ఒడ్డున కూసోవాలె," అంది. "కప్ప పలికేదాక కూసోవాలె. పలికినంకనే ముంచాలె. కప్ప పలకని నీళ్లు తీజ్‌కు పోయొద్దు."

తీజ్ అంటే శ్రావణంలో తండా ఆడపిల్లల పండుగ. పెళ్లికాని పిల్లలు చిన్న బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. నాయక్ ఇంటి ముందు మంచె మీద ఆ బుట్టలు పెట్టి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ బావి నీళ్లు తెచ్చి పోస్తారు. మొలక ఎంత పచ్చగా లేస్తే ఆ పిల్ల బతుకు, తండా బతుకు అంత పచ్చగా ఉంటుంది. చివరి రోజు ఆ మొలకలే పెద్దల తలపాగల్లో చెక్కుతారు.

"ఎందుకు యాడీ?" అన్నాడు దేవ్‌సింగ్. "కప్పకూ తీజ్‌కూ ఏం సంబంధం?"

"నాకేం ఎరుక? మా యాడి చెప్పింది."

"ఆమెకెవరు చెప్పిన్రు?"

"వాళ్ల యాడి. ఇగ అట్ల అడుక్కుంట పో, ముందుగాల పుట్టిన కప్ప దాక పోతవ్." పిల్లలు కిసుక్కుమన్నారు. సాలి వాళ్ల వైపు తిరిగింది. "మీ సారు ఇంతున్నప్పుడు లాగుల కప్ప దూరింది. తండా సుట్టూ ఉరికిండు. అప్పటిసంది కప్పంటే పగ."

బడి నవ్వుతో ఊగిపోయింది. దేవ్‌సింగ్ కూడా నవ్వాడు. కానీ ఆ మాటను ఎట్లా పరీక్షించాలో తోచలేదు. ఏ కారణమూ దొరకలేదు. పిల్లలు గీసిన కప్ప రాయిని అరచేతిలో కాసేపు తూచి, కారణం లేని మాట అని గోడ అవతలికి విసిరేశాడు.

సాలి లేచి చీర దులుపుకుంది. "మంచిగ ఇసిరినవ్. మేకల మీద గూడ గట్లనే గురి ఉంటే బాగుండు," అని వెళ్లిపోయింది.

దేవ్‌సింగ్ చిన్నప్పుడు ఆ బావిలో నీళ్లు ఎక్కడో అడుగున, పిల్లి కన్నంత మెరిసేవి. చుట్టూ జొన్న, ఆముదం. తర్వాత సాగర్ ఎడమ కాలువ నుంచి పిల్లకాలువలు వచ్చాయి, వాటి వెంట వరి వచ్చింది. నేల తాగింది. బావి నీళ్లు మెట్టు మెట్టుగా పైకెక్కి, వంగి చెంబుతో ముంచుకునేంత దగ్గరికి వచ్చాయి. తండా ఆడవాళ్లు సంతోషించారు. అంత మెత్తగా, అంత దగ్గరగా తనంతట తానే వచ్చే దాన్ని ఎవరు అనుమానిస్తారు?

బావి చుట్టూ ఉన్న మళ్లు భాస్కర్ పటేలువి. ఆయనకు మునగాలలో ఇల్లు, కోదాడలో పురుగుమందుల దుకాణం. మొదట్లో ఆ మళ్లలో కలుపు తీసేది తండా ఆడవాళ్లే. వరుసగా వంగి, పాట అందుకుని, గడ్డి కట్టలు మేకలకు తెచ్చుకునేవారు. తొంభైలు వచ్చాక కలుపు మందు వచ్చింది. నాటేసిన కొద్దిరోజులకే ఇసుకలో కలిపి చల్లితే, గడ్డి పుట్టక ముందే పోతుంది. ఆ ఇసుక కలిపేది బావి పక్క బండ మీద. డబ్బాలు కడిగేది బావి మెట్ల మీద. చల్లే పని తండా మగవాళ్లదే. నాయక్ పక్కన పెత్తనాలు చూసే కారోబారి బాల్యాది అందులో పెద్ద చెయ్యి. పని ముగించి బావిలోనే చేతులు కడుక్కుని, అదే దోసిట్లో ముంచుకుని తాగేవాడు.

కాలువ నీళ్లు ఆలస్యంగా వదిలిన ఆ శ్రావణంలో నాట్లు ఇంకా సాగుతుండగానే తీజ్ వచ్చింది. నాయక్ భార్యకు జ్వరం. అందుకని గోధుమలు నానబెట్టే పని సాలి చేసింది. పిల్లలకు ముందు నడిచింది నాయక్ కూతురు నీలా. ఐదో తరగతి దాకా దేవ్‌సింగ్ దగ్గరే చదివింది, ఇప్పుడు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. బావి ఒడ్డున ఎవరూ కూర్చోలేదు. బడిలో గోడ దాటిన మాటను ఎవరు పాటిస్తారు? పాడుతూ వెళ్లారు, పాడుతూ ముంచుకున్నారు.

మొలక వచ్చింది. రావడమే వంగి వచ్చింది. నాలుగో నాటికి కొసలు ముడుచుకుని, పాలిపోయి, ముసలివాళ్ల వేళ్లలా మన్నులోంచి పొడుచుకొచ్చాయి. పిల్లలు ఇంకా ఎక్కువ నీళ్లు పోశారు. ఎంత పోస్తే అంత పసుపెక్కాయి. తొమ్మిదో నాడు తలపాగల్లో చెక్కడానికి పచ్చటి పోచ ఒక్కటీ లేదు. మగవాళ్లు ఉత్త తలపాగలతో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇళ్లకు పోయారు. పాట సగంలో ఆగింది. తండాలో తీజ్ పాట సగంలో ఆగడం సాలి కూడా ఎన్నడూ వినలేదు.

రెండు రోజులకు గోప్యా బర్రెదూడ బావి పక్క గుంటలో నీళ్లు తాగొచ్చి నురగ కక్కి పడిపోయింది.

తుంగతుర్తి దిక్కు నుంచి సోది చెప్పే భగత్‌ను పిలిపించారు. అతను బియ్యం గింజలు చల్లి, చాలాసేపు చూసి, "గోధుమలు నానబెట్టిన చెయ్యి," అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

డాకణ్ అన్న మాట ఎవరూ పైకి అనలేదు. చేతబడి చేసే ఆడదానికి తండాలో ఆ మాట. కానీ ఆ మర్నాటి నుంచి సాలి పొయ్యిలోంచి నిప్పు ఎవరూ తీసుకుపోలేదు. ఆమె వస్తుంటే తల్లులు పిల్లల ముఖాల మీద కొంగు కప్పారు. ఆమె మేకలు వేరే మందల్లో కలవకుండా రాళ్లు పడ్డాయి. హాలియా వైపు ఒక తండాలో ఇట్లాగే ఒకామెను వెళ్లగొట్టారు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊక ఎత్తుతూ కనిపించిందని కొందరన్నారు. అసలు మిర్యాలగూడ దాకా చేరనే లేదని కొందరన్నారు. ఆ రెండో మాట అన్నవాళ్లు నేల వైపు చూసేవారు.

పంచాయితీ నాయక్ ఇంటి ముందు కూర్చుంది. ఎండిన బుట్టలు ఇంకా మంచె మీదే ఉన్నాయి. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"దూడ సచ్చె. తీజ్ సచ్చె," అన్నాడు బాల్యా. "రేపు ఎవరి పిల్లనో. పెత్రమాస పండుగ లోపల ముసల్ది తండా ఇడిసి పోవాలె."

"గోప్యా కాకా," దేవ్‌సింగ్ లేచాడు.  "తీజ్ ఉత్తదే అని నేనంట లేను. తీజ్ అబద్ధం చెప్పలే. ఏదో ఖరాబైందని చెప్పింది. ఏం ఖరాబైందో మనమే అడగాలె గద. ఇత్తనమా? మన్నా? చెయ్యా? సూడకుంటనే చెయ్యి అనుకుంటె ఎట్ల?"

"నీ బళ్లె రాళ్లాట గాదు ఇది," బాల్యా అన్నాడు.

గోప్యా చెయ్యెత్తి ఆపాడు. కూతురి బుట్ట వైపే చూస్తున్నాడు. "సూపియ్యి మరి," అన్నాడు మెల్లగా. "సాలి తన చేత్తో మళ్ల ఒక బుట్ట పెడతది. మన తీజ్ బాయి నీళ్లే పోస్తది. పచ్చగ లేస్తే ఉంటది. లేదంటె నువ్వే తోల్కపోయి ఇడిసిపెట్టాలె. మల్ల మాట్లాడొద్దు."

దేవ్‌సింగ్ వెంటనే సరే అన్నాడు. విత్తనమే పాతదని అతని అనుమానం. పొద్దున్నే కోదాడ పోయి, ఈసారి వేరే దుకాణంలో కొత్త గోధుమలు కొరికి చూసి కొన్నాడు. దూరం పుట్ట నుంచి కొత్త మన్ను తెచ్చాడు. సాలి నానబెట్టి, చల్లి, బావి నీళ్లు పోసింది. బుట్ట మంచె ఎక్కింది. బాల్యా దాని పక్కనే మంచం వాల్చుకున్నాడు.

ఆ సాయంత్రం దేవ్‌సింగ్ బావి మెట్ల మీద కాళ్లు కడుక్కుంటూ ఆగిపోయాడు.

మెట్ల సందుల్లో గరిక ఉండాలి. చిన్నప్పటి నుంచి ఉంది. కాలికి మెత్తగా తగిలేది. ఇప్పుడు ఎండిన వేర్లే అరికాలికి గుచ్చుకున్నాయి. వెడల్పాకు మొక్కలు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. సన్నాకు గడ్డి, ఏ మొక్క గోధుమకు చుట్టమో ఆ గడ్డి, బావి చుట్టూ గీత గీసినట్టు పోయింది. పక్కన బండ మీద ఇసుక మరకలు. వాటి వాసన, తియ్యగా, గొంతు వెనక అంటుకునేలా.

అతను ఒడ్డున కూర్చున్నాడు. కూర్చోవాలని అనుకోలేదు. కాళ్లే కూర్చున్నాయి. పొద్దు వరి మీద ఎర్రగా వాలుతోంది. నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. విన్నాడు. దూరాన ట్రాక్టర్ చప్పుడు. మేక మెడలో గంట. బావిలోంచి మాత్రం ఏమీ లేదు. బుడుంగుమని దూకే చప్పుడు కూడా లేదు. తను విసిరిన గులకరాయి ఇన్నాళ్లూ గాలిలోనే ఉండి, ఇప్పుడు ఈ నీళ్లలో చప్పుడు చేయకుండా పడినట్టనిపించింది.

కారణం తెలియని మాటకు కారణం లేదనుకున్నాడు. సాలి తల్లికీ, ఆమె తల్లికీ కారణం తెలిసి ఉండకపోవచ్చు. కప్ప బతకని నీళ్లలో మొలక బతకదని ఎవరో ఎప్పుడో చూశారు. చూసిన కళ్లు పోయి, మాట మిగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. సాలి బుట్టలో పోసింది ఈ నీళ్లే. తొమ్మిది రోజులూ పోయాల్సింది ఈ నీళ్లే. తను ఒప్పుకున్న పరీక్షే ఆమెను తండా దాటిస్తుంది. ముందు నడిచి దాటించాల్సింది తనే.

గుట్ట కింద వాగు ఇసుకలో ఒక చెలిమ ఉంది. మళ్లకు ఎగువన, మందు చేరని చోట. మర్నాడు తెల్లవారకముందే అక్కడికి పోయాడు. ఇసుకలోంచి ఊరే ఆ నీళ్ల దగ్గర కప్పలు ఒకదానికొకటి జవాబిస్తున్నాయి. బిందె నింపి, సాలి గుడిసె వెనక నుంచి వచ్చి, ఆమె బావి బిందె పక్కన పెట్టాడు.

సాలి మేకపాలు పిండుతోంది. తల ఎత్తింది.

"ఏడికెళ్లి తెచ్చినవ్?"

చెప్పాడు. గరిక సంగతి, కప్పల సంగతి, బండ మీద వాసన సంగతి. "బుట్టల ఇవే పొయ్యి యాడీ. ఎవరికి తెల్వదు. పచ్చగ లేస్తది."

సాలి పాలచెంబు పక్కన పెట్టింది. మేక కాలు దులిపింది.

"ఒద్దు," అంది.

"యాడీ, వాళ్లు నిన్ను..."

"నువ్వు ఆగు దేవ్యా." ఆమె తన చేతులను మోకాళ్ల మీద పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసింది. "నీ యాడి నా చేతులనే పోయింది. మొగుడు నా చేతులనే పోయిండు. ఆ గోదుమలు గూడ ఈ చేతులే నానబెట్టినయ్. వాళ్లనుకుంటున్రని గాదు. నాకే అనిపిస్తంది. రాత్రి పండుకుంటే ఈ చేతులు నా పక్కల ఎవరియో ఉన్నట్టనిపిస్తది. నువ్వు దొంగనీళ్లు పోస్తే పచ్చగ లేస్తది. నాకేం తెలుస్తది?"

దేవ్‌సింగ్ చెలిమ బిందెను వెనక్కి జరిపాడు.

"రెండు బుట్టలు పెట్టు," అంది సాలి. "ఒకదాన్ల బాయి నీళ్లు, ఒకదాన్ల చెలిమ నీళ్లు. రెండు నేనే పోస్త. రెండు సస్తే నేనే పోత, నువ్వు తోల్కపోవుడెందుకు? నాకు తొవ్వ తెల్వదా?"

ఇద్దరూ కలిసి నాయక్ ఇంటికి పోయారు. దేవ్‌సింగ్ ఏదీ దాచలేదు. తెల్లవారుజామున తెచ్చిన బిందె సంగతి కూడా చెప్పాడు. బాల్యా మంచం మీంచి లేచాడు. "సూసిన్రా, మోసం! రెండో బుట్ట పచ్చగైతే చెలిమను గూడ ఏదో చేసిందంటం. అప్పుడేమంటడు సారు?"

 నిజానికి అది మంచి ప్రశ్న.

"నేను గూడ పోస్త," అని వినిపించింది. గడపలో నీలా నిలబడి ఉంది. సాలిని తండా పిల్లలంతా దాది, అంటే అవ్వ, అనే పిలుస్తారు. "రెండు సాలి దాదివి, రెండు నావి. అదే గోదుమలు, అదే మన్ను. ఆమె బాయి బుట్ట సచ్చి, నా బాయి బుట్ట బతికితే చెయ్యే. ఇద్దరివి సస్తే నీళ్లు."

"లోపటికి పో," అన్నాడు గోప్యా.

"ఎందుకు బా? నీ బిడ్డ చెయ్యి మీద నమ్మకం లేదా?"

మంచె చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒక కలకలం లేచి అణిగింది. నాయక్ ముఖం నల్లబడింది. కూతురి బుట్ట చస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. పెళ్లి మాటలు ఆగుతాయి. అంతకన్నా పెద్ద మాట మొదలవుతుంది. అయినా అందరి ముందూ కాదంటే, అనుమానం తనకే ఉందని ఒప్పుకున్నట్టు. తల ఊపాడు. కప్పు కూలేముందు దూలం ఊగినట్టు ఊపాడు.

మళ్లీ తొమ్మిది పొద్దులు. నాలుగు బుట్టలు. పాటలు లేవు. సాలి ఒక పక్క, నీలా ఒక పక్క, మాట్లాడకుండా నీళ్లు పోసేవారు. బాల్యా రెండు బిందెలకూ కాపలా కాశాడు. బడి పిల్లలు వచ్చి దూరం నుంచి చూసిపోయేవారు. ఒక పొద్దున సాలి గుమ్మానికి తెగిన చెప్పు, వేపమండ కట్టి ఉన్నాయి. ఆమె చెప్పు విప్పి చూసి, "రెండోది గూడ ఇస్తే కుట్టించుకుందును," అంది. నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ల దాకా పోలేదు.

దేవ్‌సింగ్‌కు ఇప్పుడు తెలిసింది, తను బడిలో ఆడించిన ఆటకూ తండా పెద్దలు పెట్టే ప్రమాణానికీ మధ్య ఎంత సన్నటి గోడ ఉందో. బడిలో తప్పినప్పుడు గోడ దాటేది రాయి. ఇక్కడ మనిషి.

మొలకలు లేచాయి. మొదట నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఆ రోజు గోప్యా అన్నం తినలేదు. తర్వాత రెండు బుట్టలు నిటారుగా లేచాయి. రెండు వంగాయి. చివరినాటికి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. చెలిమ నీళ్లు తాగిన బుట్టలు, సాలిదీ నీలాదీ, ఒకే పచ్చదనంతో, ఒకే ఎత్తున గాలికి ఊగుతున్నాయి. బావి నీళ్లు తాగిన బుట్టలు, సాలిదీ నీలాదీ, ఒకే పసుపులో ముడుచుకున్నాయి.



"అంటే..." బాల్యా గొంతు సవరించుకున్నాడు. "నీలా గూడ..."

గోప్యా అతని వైపు తిరిగాడు. బాల్యా మిగతా మాట మింగేశాడు.

సాలి మంచె కర్ర పట్టుకుని నిలబడింది. తన రెండు చేతులనూ చూసుకుంది, ఎక్కడికో పోయి తిరిగొచ్చిన పిల్లలను చూసినట్టు. తర్వాత తల ఎత్తింది. "అయితే ఇగ బాయే డాకణ్, బాల్యా. తోల్కపోయి మిర్యాలగూడల ఇడిసిపెట్టు."

ఎవరో ఒకరు నవ్వారు. ఆ నవ్వు వెంటనే తెగింది. ఎందుకంటే గోప్యా చేతిలో చెంబు ఉంది. నోరు పుక్కిలించడానికి తెచ్చుకున్న బావి నీళ్లు. అతను చెంబులోకి చూస్తున్నాడు.

"ఎన్నటిసంది తాగుతున్నం?" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు.

గర్భంతో ఉన్న ఒకామె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఒకతను తన పిల్లవాణ్ని దగ్గరికి లాక్కున్నాడు. బాల్యా తన అరచేతులను, మందు ఇసుక చల్లి చల్లి పొరలు లేచిన అరచేతులను, మొదటిసారి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు.

సాలిని పొమ్మన్న మాట ఆ రోజుతో పోయింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మర్నాడు పొద్దున పక్కింటామె నిప్పు కోసం వచ్చింది, అంతే.

నాయక్, దేవ్‌సింగ్ ఎండిన బుట్ట ఒకటి పట్టుకుని కోదాడ పోయారు. భాస్కర్ పటేలు దుకాణంలో కూర్చుని ఉన్నాడు. మర్యాదగా కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు.

"గడ్డి చచ్చిందంటే మందు బాగా పనిచేస్తున్నట్టే కదయ్యా మేష్టారూ," అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగా ఊరట పడినట్టు. "ఈ సంవత్సరం నకిలీ సరుకు వస్తోందని భయపడ్డాను."

"పటేలా, ఆ నీళ్లు మేం తాగుతున్నం."

"డబ్బాలు అక్కడ కడగొద్దని చెప్తాలే. సరేనా? మీరు గడ్డి కాదు గదా, భయపడడానికి."

గోప్యా చాయ్ ముట్టుకోలేదు. గ్లాసు అంచు మీద ఈగ ఒకటి వాలింది. ముగ్గురూ దాన్నే చూశారు.

డబ్బాలు కడగడం కొన్నాళ్లు ఆగింది. ఇసుక కలిపే బండ పక్క మడికి మారింది. నేల మాత్రం ఒకటే. తండా ఆడవాళ్లు గుట్ట దాకా నడిచి చెలిమ నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. ఎండాకాలం చెలిమ అడుగంటినప్పుడు, తలలు వంచుకుని మళ్లీ బావి మెట్లు దిగారు. దేవ్‌సింగ్ బోరు కోసం అర్జీలు పెట్టాడు. బడిలో కుండలు అట్లాగే ఉన్నాయి. ఏ రాయీ ఇప్పుడు గోడ దాటడం లేదు. తెలియనివాటికి అతను మూడో కుండ పెట్టాడు. పిల్లలు దాన్ని సాలి దాది కుండ అంటారు. తొందరగా నిండేది అదే.

తొంభైలు చివరికి వచ్చేసరికి సాలి బాగా వంగిపోయింది. అయినా తీజ్ మొదటి సాయంత్రం పిల్లలకు ముందు తనే నడిచేది. పిల్లలు ఇప్పుడు పాడుతూ పోరు. బావి ఒడ్డున వరుసగా కూర్చుంటారు. బిందెలు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింటారు. నీళ్లు అద్దంలా ఉంటాయి. ముఖాలు కనిపిస్తాయి. ఏమీ వినిపించదు. సాలి లేస్తుంది. పిల్లలు ఉత్త బిందెలతో ఆమె వెంట గుట్ట వైపు నడుస్తారు.

ఆ ఏడు కూడా అట్లాగే నడిచారు. దేవ్‌సింగ్ వెనక వస్తున్నాడు. దారికి రెండు పక్కలా వరి. పోయినేడు ఇక్కడ రేగుపొదలు ఉండేవి. ఎవరో మోటారు పెట్టి నీళ్లు ఎత్తి, గుట్ట మొదలు దాకా మడి కట్టారు. గట్టు మీద గరిక కొసలు పాలిపోయి ఉన్నాయి.

చెలిమ చుట్టూ కూర్చున్నారు. చాలాసేపటికి, ఇసుక అంచున ఒక కప్ప పలికింది.

పిల్లల ముఖాలు విప్పారాయి. ఒక పిల్ల బిందె వంచింది.

"ఆగు," అంది సాలి. చెవి ఒగ్గి, ఇంకా వింటోంది.

మళ్లీ పలికింది. అదే కప్ప. అదే చోటు నుంచి. కాసేపు ఆగి, మళ్లీ.

"పలికింది గద యాడీ," అన్నాడు దేవ్‌సింగ్.

సాలి అతని చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. "అది పిలుస్తంది బిడ్డా," అంది. "జవాబు రావాలె గద."

అందరూ విన్నారు. వరి మీద గాలి వీస్తోంది. కప్ప పిలుస్తోంది.